పదిహేడు మందితో మొదలైన విద్యాలయం

1854 నవంబర్ 3వ తేదీ. ఐర్లండ్‌లోని డబ్లిన్ నగరంలో చెట్ల ఆకులు రాలిపోయి చలి మొదలవుతున్న రోజులవి. నగరం నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ అనే పెద్ద తోట, దాని చుట్టూ ధనవంతులు కట్టుకున్న పాత భవంతులు. ఆ రోజుల్లో ఆ తోట గేటుకు తాళం ఉండేది. 1880 దాకా సామాన్య ప్రజలకు అందులోకి ప్రవేశం లేదు. ఆ తోటకు ఎదురుగా ఉన్న 86వ నంబరు భవనంలో ఆ రోజు ఒక కేథలిక్ విశ్వవిద్యాలయం ఆరంభమైంది. దేశం నలుమూలలా చర్చిల్లో చందాలు వసూలు చేసి, బిషప్పులంతా సభ చేసి తీర్మానించి, మూడేళ్లు సన్నాహాలు చేసిన విశ్వవిద్యాలయమది. తీరా తలుపులు తెరిచిన నాడు రిజిస్టరులో పేర్లు రాయించుకున్న విద్యార్థులు 17 మంది.

ఆ 17 మందిని ఆహ్వానించిన అధిపతి పేరు జాన్ హెన్రీ న్యూమన్. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఇంగ్లండ్‌లో చదువుకున్నవాళ్లలో ఆయన పేరు వినని వాళ్లు లేరు. అంత పేరున్న మనిషి మరో దేశం వెళ్లి, గుప్పెడు మంది కుర్రాళ్ల కోసం తన జీవితంలో ఏడేళ్లు ఎందుకు వెచ్చించాడు? ఆ ఏడేళ్లకు ఆయనకు దక్కిందేమిటి? మన సంఘాల్లో పిల్లల చదువుల గురించి, వాళ్ల భవిష్యత్తు గురించి ఆలోచించే వాళ్లంతా తెలుసుకోవలసిన కథ ఇది.

న్యూమన్ మన ప్రొటెస్టెంట్ సంఘాలకు పూర్తిగా పరాయివాడేమీ కాదు. 'లీడ్ కైండ్లీ లైట్' అనే ఇంగ్లిషు కీర్తనను మన పెద్దలు ఎన్నో ఆరాధనల్లో, ఎన్నో భూస్థాపనల్లో పాడుకున్నారు. గాంధీజీకి అత్యంత ఇష్టమైన కీర్తనల్లో అదొకటి. ఆ కీర్తన రాసింది న్యూమనే. అయితే ఆయన తన 44వ ఏట ఆంగ్లికన్ సంఘాన్ని వదిలి రోమన్ కేథలిక్ సంఘంలో చేరాడు. ఆ నిర్ణయంతో మేము ఏకీభవించలేము. పోపు అధికారం గురించీ, మరియమ్మ గురించీ, రక్షణ సిద్ధాంతం గురించీ ఆయనకూ మనకూ మధ్య ఉన్న తేడాలు చిన్నవి కావు. కానీ సిద్ధాంతంలో విభేదించిన వారి జీవితం నుంచి నేర్చుకోవలసింది ఏమీ ఉండదనుకోవడం విశ్వాసికి తగదు. సమరయుని మేలును ఆదర్శంగా చూపించిన ప్రభువు శిష్యులం మనం.

న్యూమన్ 1801 ఫిబ్రవరి 21న లండన్‌లో పుట్టాడు. ఆరుగురు సంతానంలో పెద్దవాడు. తండ్రి బ్యాంకు నడిపేవాడు. తల్లి జెమీమా, విశ్వాసం కోసం ఫ్రాన్స్ విడిచి వచ్చిన హ్యూగెనాట్ ప్రొటెస్టెంట్ల వంశస్థురాలు. ఇంట్లో బైబిలు చదివే అలవాటు ఉండేది. 1816లో తండ్రి బ్యాంకు మూతపడింది. ఇల్లు, ఆస్తి, పరువు అన్నీ చిక్కుల్లో పడ్డాయి. ఆ ఏడాది సెలవులకు కూడా న్యూమన్ బడిలోనే ఉండిపోయాడు. జబ్బుపడ్డాడు. అలా ఒంటరిగా ఉన్న 15 ఏళ్ల కుర్రాడికి వాల్టర్ మేయర్స్ అనే సువార్తాభిమాని అయిన ఉపాధ్యాయుడు మంచి పుస్తకాలు ఇచ్చి చదివించాడు. ఆ ఆకులు రాలే కాలంలోనే న్యూమన్ హృదయం దేవునివైపు తిరిగింది. తాను, తన సృష్టికర్త, ఈ ఇద్దరి ఉనికి మాత్రమే తనకు నిస్సందేహమైనదని ఆ రోజుల్లో ఆయనకు అనిపించిందట. ఆ మార్పు నిజమైనదని ముసలితనంలో కార్డినల్ అయ్యాక కూడా ఆయన చెబుతూనే ఉన్నాడు. అది ఒక ఉపాధ్యాయుడు ఒక విద్యార్థి మీద పెట్టిన శ్రద్ధకు ఫలం. ఈ సంగతి గుర్తుంచుకుంటేనే డబ్లిన్‌లో ఆయన చేసిన పని మనకు అర్థమవుతుంది.

ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఆయన ఆక్స్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీలో పేరు నమోదు చేసుకున్నాడు. బాగా చదివాడు. మితిమీరి చదివాడనడమే సరి. 1820లో చివరి పరీక్షలు రాసేనాటికి శరీరం, మనసు రెండూ అలసిపోయాయి. ఉన్నత శ్రేణి ఖాయమని అందరూ అనుకున్న విద్యార్థి అట్టడుగు శ్రేణిలో గట్టెక్కాడు. ఇంటి మీద అప్పులు, చేతిలో పేలవమైన డిగ్రీ. ఈ కాలపు తల్లిదండ్రులైతే ఇక వీడి పని అయిపోయిందనే అనుకుంటారు. న్యూమన్ మాత్రం ప్రార్థన మానలేదు, చదువూ మానలేదు. 1822 ఏప్రిల్‌లో ఓరియల్ కాలేజీ ఫెలోషిప్ పరీక్షకు కూర్చున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో అన్నిటికన్నా గట్టి పోటీ ఉన్న పదవి అది. న్యూమన్ ఎంపికయ్యాడు. ఒక పరీక్ష ఫలితంతో మనిషి విలువ తేలిపోదని ఆయన తన జీవితంలోనే చూశాడు.

1825లో గురువుగా అభిషేకం పొందాడు. 1826లో ఓరియల్ కాలేజీలో ట్యూటరుగా నియమితుడయ్యాడు. ఆ రోజుల్లో ట్యూటరంటే పాఠం చెప్పి వెళ్లిపోయేవాడు. విద్యార్థి ఎలా బతుకుతున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో ఆయనకు పట్టదు. న్యూమన్ దీనికి ఒప్పుకోలేదు. తనకప్పగించిన ప్రతి విద్యార్థి ఆత్మకు తాను దేవుని ముందు లెక్క చెప్పాలన్నది ఆయన నమ్మకం. ఆయన దృష్టిలో ట్యూటరు పని కూడా కాపరి పనే. కాలేజీ అధిపతి ఎడ్వర్డ్ హాకిన్స్‌కు ఈ పద్ధతి నచ్చలేదు. 1830 నుంచి న్యూమన్‌కు కొత్త విద్యార్థులను పంపడం ఆపేశాడు. రెండేళ్లలో ఆయన చేతికింద విద్యార్థులే లేకుండా పోయారు. ఆ ఆశయం మాత్రం ఆయన మనసులో అలాగే ఉండిపోయింది. అది కార్యరూపం దాల్చడానికి మరో ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

1828 నుంచి ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ చర్చి అయిన సెయింట్ మేరీస్‌కు వికారు. ఆదివారం సాయంత్రం ఆయన ప్రసంగాలకు విద్యార్థులు గుంపులుగా వచ్చేవారు. ఆయన గొంతు పెంచేవాడు కాదు, చేతులు ఊపేవాడు కాదు. రాసుకున్నది నెమ్మదిగా చదివేవాడు. అయినా విన్నవాళ్లు జీవితాంతం వాటిని మరచిపోలేకపోయారు.

1832 చివర్లో స్నేహితుడు ఫ్రౌడ్‌తోనూ, ఫ్రౌడ్ తండ్రితోనూ కలిసి మధ్యధరా సముద్ర ప్రాంతానికి వెళ్లాడు. తరువాత ఒంటరిగా సిసిలీ ద్వీపానికి వెళ్లి, 1833 మే నెలలో విషజ్వరంతో చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ఇంగ్లండ్‌లో తాను చేయవలసిన పని ఒకటి ఉందని, అందుకే దేవుడు తనను చావనివ్వడని ఆ జ్వరంలోనే పదేపదే అన్నాడట. కోలుకుని, నారింజపండ్ల లోడుతో వెళ్తున్న పడవలో మార్సేల్‌కు బయలుదేరాడు. బోనిఫాసియో జలసంధిలో గాలి లేక పడవ రోజుల తరబడి కదలలేదు. జూన్ 16న ఆ పడవలోనే ఆయన ఆ ప్రసిద్ధ కీర్తన రాశాడు. దూరపు దృశ్యం చూపించమని అందులో ఆయన దేవుణ్ణి అడగలేదు. ముందున్న ఒక్క అడుగుకు సరిపడా వెలుగు అడిగాడు. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు. అదే తన మిగతా జీవితమంతటికీ ప్రార్థన అవుతుందని ఆయనకు తెలియదు.

తరువాతి 12 ఏళ్ల చరిత్ర పెద్దది. ఆంగ్లికన్ సంఘాన్ని ఆదిసంఘపు మూలాలవైపు మళ్లించాలని మొదలైన ఆక్స్‌ఫర్డ్ ఉద్యమానికి ఆయన నాయకుడయ్యాడు. ఎన్నో కరపత్రాలు రాశాడు. ఆ వివాదాల్లోనే ఆయన మనసు క్రమంగా రోము వైపు వెళ్లింది. 1843 సెప్టెంబర్‌లో సెయింట్ మేరీస్ వదిలాడు. 1845 అక్టోబర్ 9న, మరో ఆకులు రాలే కాలంలో, కేథలిక్ సంఘంలో చేరాడు. తోబుట్టువులు దూరమయ్యారు. ప్రాణస్నేహితులు మాటలు మానేశారు. ఆ మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్ వదిలి వెళ్లినవాడు మళ్లీ 32 ఏళ్ల దాకా ఆ ఊళ్లో అడుగుపెట్టలేదు. ఆయన నిర్ణయం సరైనదని మేము అనము. కానీ అది ఆయనకు లాభసాటి బేరం ఎంతమాత్రం కాదు. తాను సత్యమని నమ్మినదాని కోసం ఉన్నదంతా పోగొట్టుకున్నాడు.

1848లో ఆయన బర్మింగ్‌హామ్‌లో ఓరటరీ అనే గురువుల సమాజాన్ని స్థాపించి అక్కడే స్థిరపడ్డాడు. 1851లో ఐర్లండ్ నుంచి ఆర్చిబిషప్ పాల్ కల్లెన్ పిలుపు వచ్చింది.

అప్పటి ఐర్లండ్ పరిస్థితి ఘోరం. 1845 నుంచి బంగాళాదుంప పంటకు తెగులు తగిలి వచ్చిన కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. దాదాపు అంతేమంది ఓడలెక్కి దేశం విడిచి వెళ్లిపోయారు. ప్రజల్లో అత్యధికులు కేథలిక్కులు. డబ్లిన్‌లో 1592 నుంచి ఉన్న ట్రినిటీ కాలేజీ ప్రొటెస్టెంట్లది. 1793 నుంచి కేథలిక్కులను చేర్చుకున్నా, అక్కడ ఫెలోలు అయ్యే హక్కు వారికి లేదు. మన ప్రొటెస్టెంట్ చరిత్రలో ఇదీ ఒక భాగమే, దాన్ని దాచనక్కర్లేదు. ఈ కొరత తీర్చడానికి బ్రిటిష్ ప్రభుత్వం బెల్‌ఫాస్ట్, కార్క్, గాల్వే పట్టణాల్లో క్వీన్స్ కాలేజీలు పెట్టింది. వాటిలో ఏ మతం వారైనా చేరవచ్చు, కానీ పాఠ్యాంశాల్లో దేవుని గురించిన బోధ ఉండదు. బిషప్పులు ఇందుకు సమ్మతించలేదు. 1850లో థర్ల్స్ పట్టణంలో సభ చేసి తమ సొంత విశ్వవిద్యాలయం పెట్టాలని తీర్మానించారు. దానికి న్యూమన్‌ను అధిపతిగా ఎన్నుకున్నారు.

1852 వేసవిలో న్యూమన్ డబ్లిన్‌లో విశ్వవిద్యాలయమంటే ఏమిటో వివరిస్తూ ఉపన్యాసాలిచ్చాడు. అప్పుడే ఆయన మీద అకిల్లీ అనే మాజీ గురువు వేసిన పరువునష్టం దావా నడుస్తోంది. జైలుకు వెళ్లవలసి వస్తుందేమోనన్న భయం ఒకవైపు, ఉపన్యాసాల ఒత్తిడి మరోవైపు. చివరికి 1853 జనవరిలో 100 పౌండ్ల జరిమానాతో ఆ కేసు ముగిసింది. ఆ ఉపన్యాసాలకు తరువాతి ప్రసంగాలు కలిసి 'ద ఐడియా ఆఫ్ ఎ యూనివర్సిటీ' అనే పుస్తకమైంది. విద్య గురించి ఆలోచించే వాళ్లు ఇప్పటికీ దాన్ని చదువుతారు.

ఆ పుస్తకంలో ఆయన చెప్పిన సంగతులు ముఖ్యంగా మూడు. దేవుని గూర్చిన జ్ఞానాన్ని తీసేస్తే మిగతా శాస్త్రాలు ఆ ఖాళీని ఆక్రమించి తమ హద్దు దాటతాయన్నది మొదటిది. విశ్వవిద్యాలయం పని ఉద్యోగానికి తర్ఫీదు ఇవ్వడం మాత్రమే కాదు, మనిషికి సరిగ్గా ఆలోచించడం నేర్పడమన్నది రెండోది. మూడోది బిషప్పులు కూడా ఊహించనిది. చదువు మనిషిని మర్యాదస్థుణ్ణి చేస్తుందే గానీ పరిశుద్ధుణ్ణి చేయలేదన్నాడు. మంచి నడవడి, మంచి మాట, విశాలమైన ఆలోచన ఇవన్నీ చదువు ఇవ్వగలదు. మనిషిలోని గర్వాన్ని, కామాన్ని జయించే శక్తి మాత్రం దానికి లేదు. ఒక విశ్వవిద్యాలయాన్ని కట్టడానికి వచ్చినవాడే విద్య చేయలేనిదేమిటో ముందుగా చెప్పడం ఎంత నిజాయితీ! చదువుకున్న కుర్రాడు దానంతట అదే మంచి విశ్వాసి అవుతాడనుకునే తల్లిదండ్రులు మన సంఘాల్లోనూ ఉన్నారు.

ఇక ఆ నవంబర్ నెల సంగతి చూద్దాం. 17 మందితో తలుపులు తెరిచిన న్యూమన్ వారిని ఒక పెద్ద హాస్టల్లో కుక్కలేదు. విద్యార్థులను చిన్నచిన్న ఇళ్లుగా విభజించాలన్నది ఆయన ప్రణాళిక. ఒక్కో ఇంట్లో సుమారు 20 మందికి మించకూడదు. ఒక్కో ఇంటికి ఒక డీన్, ఒక ప్రార్థనా మందిరం, విద్యార్థుల వయసుకు దగ్గరగా ఉండే ట్యూటర్లు. 86వ నంబరులోది సెయింట్ పాట్రిక్స్ ఇల్లు. దగ్గర్లోని హార్కోర్ట్ వీధిలో సెయింట్ మేరీస్ ఇల్లు. అక్కడ న్యూమన్ తానే విద్యార్థులతో కలిసి ఉండేవాడు, వారితో కలిసి భోంచేసేవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో హాకిన్స్ చేయనివ్వని పని ఇక్కడ తన చేతుల మీదుగా చేశాడు.

క్రమశిక్షణ విషయంలో ఆయన ఆలోచన ఆ కాలానికి కొత్త. 17, 18 ఏళ్ల కుర్రాడు ఇక చిన్నపిల్లవాడు కాడు, ఇంకా పూర్తి పెద్దవాడూ కాడు. బడిలో లాగా నిమిషం నిమిషం కాపలా కాస్తే, బయటికి వెళ్లిన రోజున లోకం అతణ్ణి మింగేస్తుంది. అలాగని పూర్తిగా వదిలేయడమూ తప్పే. అందుకని నమ్మకంతో కూడిన స్వేచ్ఛ కొద్దికొద్దిగా ఇవ్వాలన్నాడు. విద్యార్థులు బిలియర్డ్స్ ఆడుకుంటామంటే ఒప్పుకున్నాడు. గురువుల విద్యాలయాల పద్ధతికి అలవాటుపడిన ఆర్చిబిషప్ కల్లెన్‌కు ఈ వైఖరి మింగుడుపడలేదు. న్యూమన్ వాదన ఒకటే. తాను తయారు చేస్తున్నది లోకం మధ్య బతకవలసిన వైద్యులను, న్యాయవాదులను, వ్యాపారులను. వారికి లోకంలో నిలబడడం ఇక్కడే నేర్పాలి.

ఆయనకు ప్రతి నవంబర్ ముఖ్యమైనదే. కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యేది అప్పుడే. ముందు చూపుతో ఒక్కో విభాగాన్ని తెరిచిందీ, దాని ఉద్దేశాన్ని ఉపన్యాసంగా చెప్పిందీ ఆ రోజుల్లోనే. 1854 నవంబర్‌లో సాహిత్య విభాగం ఆరంభిస్తూ, దేవుని జ్ఞానం యెరూషలేము నుంచి వస్తే లోక జ్ఞానం ఏథెన్సు నుంచి వచ్చిందనీ, రెండూ మనకు అవసరమేననీ వివరించాడు. 1855 నవంబర్‌లో వైద్య విద్యార్థులకు విజ్ఞానశాస్త్రాన్ని చూసి విశ్వాసి భయపడనక్కర్లేదని చెప్పాడు. దేవుని సత్యం ఒకటే కాబట్టి నిజమైన శాస్త్రానికీ నిజమైన విశ్వాసానికీ చివరికి గొడవ ఉండదన్నది ఆయన ధైర్యం. డార్విన్ పుస్తకం రావడానికి ఇంకా నాలుగేళ్లు ఉందనగా చెప్పిన మాట ఇది.

సిసీలియా వీధిలో అమ్మకానికి వచ్చిన ఒక వైద్య కళాశాలను ఆయన కొనిపించాడు. ఆయన పెట్టిన విభాగాలన్నిటిలో బాగా నిలదొక్కుకుంది అదే. కరువు బారిన పడిన ఆ దేశానికి వైద్యులు కావాలి, వారు దేవుని భయం ఉన్నవాళ్లు కావాలి అన్నది ఆయన ఉద్దేశం. ఐరిష్ భాష చచ్చిపోతున్న రోజుల్లో, కాలేజీ గడప తొక్కని యూజీన్ ఓకరీ అనే పండితుణ్ణి పిలిచి ఐరిష్ చరిత్రకు ప్రొఫెసరుగా పెట్టాడు. ఇంగ్లిషువాడైన అధిపతి స్వయంగా వెళ్లి ఆ ఉపన్యాసాలు కూర్చుని విన్నాడు. 1861లో అచ్చయిన ఆ ఉపన్యాసాలు ఐరిష్ ప్రాచీన సాహిత్య పరిశోధనకు పునాది అయ్యాయి. 1858లో పగలు పనిచేసుకునే యువకుల కోసం సాయంత్రం తరగతులు కూడా మొదలుపెట్టాడు. ఇవన్నీ కాకుండా భవనం పక్కన ఉన్న కొద్దిపాటి తోట స్థలంలో ఒక చర్చి కట్టించాడు. 1856లో దాన్ని ఆరంభించారు. అకిల్లీ కేసు ఖర్చుల కోసం దేశదేశాల నుంచి వచ్చిన చందాల్లో మిగిలిన డబ్బు ఆ చర్చికి ఉపయోగపడింది. అవమానం కోసం వచ్చిన సొమ్ము ఆరాధనకు ఉపకరించింది.

ఇంత చేసినా విశ్వవిద్యాలయం పెరగలేదు. దానికి డిగ్రీలు ఇచ్చే రాజముద్ర లేదు, ప్రభుత్వం ఇవ్వలేదు. చెల్లని పట్టా కోసం పిల్లవాణ్ణి పంపడానికి తల్లిదండ్రులు ముందుకు రాలేదు. పేదల చందాల మీద నడిచే సంస్థకు నిధులు చాలలేదు. బిషప్పుల్లో ఐకమత్యం లేదు. కల్లెన్‌కూ ట్యూమ్ ఆర్చిబిషప్ మెక్‌హేల్‌కూ పడదు. న్యూమన్ రాసిన ఉత్తరాలకు కల్లెన్ నెలల తరబడి జవాబివ్వకపోవడం మామూలైంది. సంఘ సభ్యులైన చదువుకున్న గృహస్థులకు ఆర్థిక నిర్వహణలో స్థానం ఇవ్వాలని న్యూమన్ పట్టుబట్టాడు. బిషప్పులు ఒప్పుకోలేదు. ఆయనను బిషప్పుగా నియమిస్తారని 1854లో వార్త వచ్చింది. అభినందనలు వచ్చాయి, కానుకలు కూడా వచ్చాయి. ఆ తరువాత ఆ మాటే లేదు. ఎందుకు ఆగిందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

మరోవైపు బర్మింగ్‌హామ్‌లో తన సమాజం బాధ్యతా ఆయనదే. ఆ ఏడేళ్లలో ఐరిష్ సముద్రాన్ని ఆయన 56 సార్లు దాటాడు. 1858 నవంబర్‌లో రాజీనామా చేశాడు. వెళ్లిపోయే ముందు ఆ నెలలోనే వైద్య విద్యార్థులకూ, సాయంత్రం తరగతుల యువకులకూ ఉపన్యాసాలు ఇచ్చాడు. మనిషంటే శరీరం ఒక్కటే కాదని వైద్య విద్యార్థులకు గుర్తుచేశాడు. పదవి వదిలేస్తున్నవాడు చివరి నెలలో కూడా పాఠం సిద్ధపడి వచ్చాడంటే, ఆ పని ఆయనకు పదవి కోసం కాదని తెలుస్తుంది.

ఆ తరువాతి కొన్నేళ్లు ఆయన జీవితంలో చీకటి రోజులు. ఆంగ్లికన్లు ఆయనను ద్రోహి అన్నారు, కేథలిక్ పెద్దలు అనుమానించారు. తన జీవితమంతా వ్యర్థమైందేమోనని ఆయన డైరీల్లో బాధపడ్డాడు. 1864లో చార్లెస్ కింగ్స్‌లీ అనే రచయిత చేసిన విమర్శకు జవాబుగా తన ఆత్మకథ రాశాక గానీ ఇంగ్లండ్ ప్రజల మనసు మారలేదు. 1877లో ఆక్స్‌ఫర్డ్ ట్రినిటీ కాలేజీ ఆయనను తన మొదటి గౌరవ ఫెలోగా ఎన్నుకుంది. 1879లో పోపు 13వ లియో ఆయనను కార్డినల్ చేశాడు. 1890 ఆగస్టు 11న బర్మింగ్‌హామ్‌లో కన్నుమూశాడు. అప్పుడాయన వయసు 89. 2019లో కేథలిక్ సంఘం ఆయనను పునీతుడిగా ప్రకటించింది. పునీతుల ప్రకటనను మనం అంగీకరించకపోయినా, ఆయన పేరు ఎంతదూరం వెళ్లిందో అది చెబుతుంది.

మరి డబ్లిన్‌లోని ఆ చిన్న విశ్వవిద్యాలయం ఏమైంది? 1883లో అది జెసూట్ గురువుల చేతికి వెళ్లింది. న్యూమన్ స్వయంగా కేథలిక్ సంఘంలో చేర్చుకున్న జెరాల్డ్ మ్యాన్లీ హాప్కిన్స్ 1884 నుంచి అక్కడ గ్రీకు బోధించి 1889లో టైఫాయిడ్‌తో చనిపోయాడు. ఆయన కవితలు పుస్తకంగా రావడానికి 1918 దాకా పట్టింది. ఇప్పుడు ఇంగ్లిషు సాహిత్యం చదివే ప్రతి విద్యార్థికీ ఆయన పేరు తెలుసు. 1908లో చట్టం వచ్చింది, న్యూమన్ అడిగి అడిగి అలసిపోయిన డిగ్రీల హక్కు ఆ సంస్థకు దక్కింది. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌గా మారిన ఆ విద్యాలయంలో నేడు 30 వేలకు పైగా విద్యార్థులున్నారు. అది ఇప్పుడు కేథలిక్ సంస్థ కాదు. 1893లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులు న్యూమన్ పేరుతో ఒక ప్రార్థనా సహవాసం పెట్టుకున్నారు. అలాంటి సహవాసాలు ఆ తరువాత ఎన్నో దేశాల కాలేజీల్లోకి వ్యాపించాయి.

అంతా శుభంగానే జరిగిందని చెబితే అది పూర్తి నిజం కాదు. అక్కడ 1902 దాకా చదివిన జేమ్స్ జాయిస్ లోకప్రసిద్ధ రచయిత అయ్యాడు, కానీ విశ్వాసం వదిలేశాడు. ఎంత మంచి కాలేజీ అయినా, ఎన్ని ప్రార్థనలు జరిగే హాస్టలైనా, విశ్వాసాన్ని సర్టిఫికెట్‌లా చేతిలో పెట్టలేదు. న్యూమన్ 1852లోనే చెప్పిన సంగతి ఇది. విత్తడం, నీళ్లు పోయడం మన పని. వృద్ధి కలుగజేసేవాడు దేవుడేనని పౌలు భక్తుడు కొరింథీయులకు బోధించింది కూడా ఇదే.

మన తెలుగు నేల మీద కూడా సరిగ్గా ఆ కాలంలోనే ఇలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో మచిలీపట్నంలో ఒక చిన్న బడి పెట్టాడు. 1852లో, అంటే న్యూమన్ డబ్లిన్‌లో ఉపన్యాసాలిచ్చిన ఏడాదే, ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోవడంతో ఊరు మండిపడింది, బడి దాదాపు ఖాళీ అయింది. నోబుల్ బడి మూసేయలేదు. 1865లో మచిలీపట్నంలోనే ప్రభువు సన్నిధికి చేరాడు. ఆ బడే నోబుల్ కాలేజీ అయింది. సిద్ధాంతంలో న్యూమన్, నోబుల్ ఇద్దరూ చెరో దిక్కు. కానీ తలుపులు తెరిచిన రోజున వచ్చిన తలలు లెక్కపెట్టి పని మానేయకపోవడంలో ఇద్దరూ ఒకటే.

మన సంఘాల సంగతి ఆలోచిద్దాం. ఇంటర్ పూర్తయిన మన పిల్లలు ఏటా హైదరాబాద్‌కో, విశాఖపట్నానికో, చెన్నైకో, ఇంకా దూరదేశాలకో వెళ్తున్నారు. సీటు కోసం తల్లిదండ్రులు ఉపవాసం ఉంటారు, పాస్టర్లు ప్రార్థన చేస్తారు. సీటు వచ్చాక కృతజ్ఞత కూటం పెడతారు. ఆ తరువాత? ఆ కుర్రాడు ఏ గదిలో ఉంటున్నాడు, ఆదివారం ఎక్కడికి వెళ్తున్నాడు, మనసు విరిగిన రాత్రి ఎవరితో మాట్లాడతాడు అనేది ఎంతమంది అడుగుతున్నాం? సంఘ ప్రణాళిక అంటే మనకు కొత్త మందిరం, ప్రహరీ గోడ, సౌండ్ సిస్టమ్. అవి అవసరమే. కానీ ఆ మందిరంలో ఇరవై ఏళ్ల తరువాత కూర్చోవలసిన వాళ్లు ఇప్పుడు హాస్టళ్లలో ఉన్నారు. యువజన కూటానికి ఏడుగురే వచ్చారని ఆ కూటాన్నే ఆపేసిన సంఘాలను మేము చూశాం. ఆ ఏడుగురూ దేవుడు పంపినవాళ్లు కారా?

దావీదుకు దేవాలయం కట్టాలని ఎంతో ఆశ. దేవుడు ఆ పని నీ కుమారుడు చేస్తాడన్నాడు. దావీదు అలిగి కూర్చోలేదు. దేవదారు దుంగలు, ఇనుము, ఇత్తడి, వెండి, బంగారం విస్తారంగా పోగుచేసి పెట్టాడు. చేయవలసిన విధానం సొలొమోనుకు వివరించి, ప్రధానులందరూ అతనికి సహాయం చేయాలని ఆజ్ఞాపించాడు. మొదటి దినవృత్తాంతముల గ్రంథం 22వ అధ్యాయం ఈ వారం మీ ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. తాను చూడబోని మందిరం కోసం సామగ్రి పోగుచేసిన రాజు అక్కడ మనకు కనిపిస్తాడు.

ఈ ఆదివారం మీ సంఘంలో చదువుకోవడానికి ఊరు విడిచి వెళ్లిన పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాయండి. పది ఉండవచ్చు, మూడే ఉండవచ్చు. ఒక్కో పేరుకు ఒక పెద్దను, ఒక కుటుంబాన్ని బాధ్యులుగా పెట్టండి. వారానికి ఒక ఫోను, నెలకు ఒక ఉత్తరం, సెలవులకు వచ్చినప్పుడు ఒక భోజనం చాలు మొదలుపెట్టడానికి. డబ్లిన్‌లోని ఆ రిజిస్టరులో ఉన్నది 17 పేర్లే. వాటిని రాయించుకున్న మనిషి తన జీవితకాలంలో ఆ పనికి ఫలం చూడలేదు. అయినా ఒక్కో అడుగుకు సరిపడా వెలుగుతోనే ఆయన ఆ పని చేశాడు. మన చేతిలో ఉన్న పేర్లతో మనమూ అలాగే మొదలుపెడదాం. ప్రభువు మన పిల్లలను కాపాడునుగాక. ఆమెన్.